అడ్డంగా కోస్తేనే మెత్తన

ఉధ్నాలో గొడ్డు మాంసపు స్టేక్ దొరకదు. అయినా స్టేక్ ఫ్రైడ్ రైస్ ఇంట్లో చేసుకోవచ్చు. కావలసింది కత్తి పట్టే తీరు, ఆరిన అన్నం, బాగా కాగిన మూకుడు.

'సూరత్ ను జమణ్, కాశీ ను మరణ్' అన్నది గుజరాతీ సామెత. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలని దాని అర్థం. సామెత వినగానే ఊరివాళ్లకు గుర్తొచ్చేవి ఘారీ, ఉంధియూ, పోంక్, లోచో. కానీ నగరానికి దక్షిణాన ఉన్న ఉధ్నాలో సాయంత్రం షిఫ్టు మారే వేళ రోడ్డు పక్కన వినిపించేది ఇనుప మూకుడు మీద గరిటె మోత. అన్నం ఎగురుతుంది, సోయా సాస్ చిందుతుంది, పొగ లేస్తుంది. కాగితం ప్లేటులో ఫ్రైడ్ రైస్ తయారు.

ఈ వంటకాన్ని బండి దగ్గర తినడం తేలిక. ఇంట్లో చేస్తేనే చిక్కు. అన్నం ముద్దవుతుంది, మాంసం రబ్బరులా సాగుతుంది, మంట చాలదు. అందులోనూ అమెరికా వంటల కార్యక్రమాల్లో చూపించే స్టేక్ ఫ్రైడ్ రైస్ అయితే ఉధ్నా వంటింటికి మరో ప్రశ్న ఎదురవుతుంది. స్టేక్ అంటే అక్కడ గొడ్డు మాంసం. గుజరాత్‌లో అది వంటకు సంబంధించిన విషయం కాదు, జైలుకు సంబంధించిన విషయం.

ఏడు మాధ్యమాల అన్నం

ముంబయి-అహ్మదాబాద్ మార్గం నుంచి జల్‌గావ్ రైలు దారి చీలేది ఉధ్నా దగ్గరే. మరమగ్గాల షెడ్లు, చిన్న కార్ఖానాలు, అద్దె గదులు కలిస్తే ఉధ్నా. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నేత కుటుంబాలు దశాబ్దాల క్రితమే ఇటు వలస వచ్చాయి. సిరిసిల్లలో సాంచాలనే మరమగ్గాలే ఇక్కడా వాళ్ల బతుకుదెరువు. ఉధ్నా, లింబాయత్ పరిసరాల్లో వారి పక్కింటివారు ఒడిశా గంజాం వాళ్లు, ఖాందేశ్ మరాఠీలు, ఉత్తరాది హిందీవాళ్లు. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ పాఠశాలలు గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఇంగ్లిషు, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగులోనూ నడిచాయంటే వలస ఎంత పాతదో తెలుస్తుంది.

భాషలు వేరైనా ఈ ఇళ్లన్నింటికీ తెలిసిన విద్య ఒకటుంది. అదే మిగిలిన అన్నానికి మరో రూపం ఇవ్వడం. తెలంగాణ ఇంట్లో అది పోపన్నం. గుజరాతీలకు వఘారేలో భాత్. మరాఠీలకు ఫోడణీచా భాత్. ఒడియా వాళ్లు నీళ్లుపోసి పొఖాళ చేస్తారు. చైనా వాళ్లు నూనెలో వేయించి ఫ్రైడ్ రైస్ అన్నారు. కాబట్టి ఉధ్నా గృహిణికి ఈ వంటకం పూర్తిగా పరాయిదేమీ కాదు. సోయా సాస్ కొత్త, సూత్రం పాతదే.

లారీ ఎక్కిన చైనా

మన దేశానికి చైనా వంట కలకత్తా ద్వారా వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడ స్థిరపడటం మొదలెట్టిన చైనీయుల్లో హక్కా తెగవాళ్లు తర్వాతి కాలంలో టాంగ్రాలో తోళ్ల పరిశ్రమ నడిపారు. దాంతోపాటే భోజనశాలలూ వెలిశాయి. వాళ్ల వంటకు పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి దండిగా తోడై భారతీయ చైనీస్ పుట్టింది. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో కోడి ముక్కలతో మంచూరియన్ చేశాక దానికి దేశమంతా రెక్కలొచ్చాయి. చైనాలోని మంచూరియాకు ఆ వంటకంతో ఏ సంబంధమూ లేదు.

అక్కడి నుంచి అది తోపుడు బండి ఎక్కింది. తోపుడు బండిని గుజరాతీలో 'లారీ' అంటారు. కొత్తగా వచ్చిన తెలుగువాడికి 'చైనీస్ లారీ' అంటే సరకు దించుతున్న ట్రక్కు గుర్తుకు రావడం సహజమే. గుడ్ల వంటకాలకు సూరత్ లారీలు పెట్టింది పేరు. ఘోటాలా అన్నది ఇక్కడ కుంభకోణం కాదు, గుడ్లతో చేసే కూర.

అయితే లారీ ఎప్పుడూ అక్కడే ఉంటుందన్న భరోసా లేదు. 2021 నవంబరులో రాజ్‌కోట్, వడోదర, అహ్మదాబాద్ నగరాల్లో ప్రధాన రహదారుల మీద మాంసాహార బండ్లను తొలగించే ప్రయత్నాలు జరిగాయి. బండ్లవాళ్లు హైకోర్టుకెళ్తే, ప్రజలు ఏం తినాలో మీరెలా నిర్ణయిస్తారని డిసెంబరులో న్యాయస్థానం అహ్మదాబాద్ కార్పొరేషన్‌ను నిలదీసింది. 2023లో లైసెన్సులేని మాంసం దుకాణాల వ్యవహారం హైకోర్టుకు చేరినప్పుడు కోడి జంతువా, పక్షా అన్న చర్చ కూడా నడిచింది. 2014 నమూనా నమోదు సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటినవారిలో మాంసాహారులు తెలంగాణలో దాదాపు 99 శాతం. గుజరాత్‌లో దాదాపు 39 శాతం. ఆ తేడా మధ్యలో ఉన్న తెలుగు కుటుంబానికి ఇంటి పొయ్యే నమ్మకమైనది.

ఊరు మారితే చట్టం మారుతుంది

తెలంగాణకు ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన 1977 చట్టం ఆవులు, దూడల వధను నిషేధిస్తుంది. ఎద్దుల విషయంలో మాత్రం అధికారి ధ్రువపత్రంతో కొంత వెసులుబాటు ఉంది. గుజరాత్‌లో ఆ వెసులుబాటు లేదు. 1954 నాటి బొంబాయి చట్టానికి 1994లో చేసిన సవరణ ఏ వయసు ఎద్దునైనా వధించడాన్ని నిషేధించింది. 1998లో హైకోర్టు దాన్ని కొట్టేసినా, 2005 అక్టోబరు 26న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సవరణ చెల్లుతుందని తేల్చింది. 2011 సవరణతో రవాణా, అమ్మకాలు కూడా నేరమయ్యాయి. 2017 సవరణతో వధకు శిక్ష కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.

అంటే అమెరికా వంటల్లోని మాంసాన్ని ఉధ్నాలో వెతకడం దండగ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. కానీ స్టేక్ అన్నది జంతువు పేరు కాదు. కండను నారకు అడ్డంగా, మందంగా కోసి, పెద్ద మంట మీద కాల్చిన ముక్క పేరు. చేపను కోసినా స్టేక్ అనే అంటారు. ఆ మాటకొస్తే తెలంగాణకు సొంత స్టేక్ ఉంది. హైదరాబాదు పత్థర్ కా గోష్త్‌లో ఎముక లేని పొట్టేలు మాంసాన్ని పలచగా చేసి, పచ్చి బొప్పాయి, మసాలా పట్టించి, నిప్పుల మీద కాగిన గ్రానైటు పలక మీద కాలుస్తారు. స్టేక్ ఫ్రైడ్ రైస్‌కు కావలసిన మెళకువలన్నీ అందులోనే ఉన్నాయి.

పడుగును తెంచాలి

నేతపని తెలిసిన ఇంట్లో మాంసం కోత గురించి చెప్పడం తేలిక. కండలో పోగులు పడుగు దారాల్లా ఒకే దిక్కుకు బారుగా సాగుతాయి. వాటి వెంబడి కోస్తే ప్రతి ముక్కలోనూ పొడవాటి పోగులే మిగులుతాయి. వాటిని తెంచే పని పళ్ల మీద పడుతుంది. అడ్డంగా కోస్తే ఆ పని కత్తే చేసేస్తుంది. మాంసం ఒకటే, మసాలా ఒకటే. కోత మారితే నమలడం మారిపోతుంది.

నలుగురికి 300 గ్రాముల ఎముక లేని మేక మాంసం చాలు. తొడ భాగం అడగాలి. లేత మేకదైతే మేలు. కూరకు కొట్టినట్టు ముక్కలు కొట్టవద్దని, ఒకే కండగా ఇవ్వమని దుకాణంలో ముందే చెప్పాలి. ఇంటికొచ్చాక కండను అరగంట నుంచి ముప్పావు గంట ఫ్రీజర్‌లో పెడితే గట్టిపడి కత్తికి లొంగుతుంది. పోగులు ఎటు సాగుతున్నాయో చూసి, అడ్డంగా మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందాన కోయాలి. చీరకు జరీ అంచు ఎంత సన్నగా ఉండాలో తెలిసిన కళ్లకు ఇది పెద్ద పని కాదు.

ఆ ముక్కలకు ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్ద, ఒక పెద్ద చెంచా సోయా సాస్, చెంచా మొక్కజొన్న పిండి, అర చెంచా మిరియాల పొడి, చెంచా నూనె పట్టించి అరగంట ఉంచాలి. బొప్పాయిలోని పపాయిన్ అనే ఎంజైము మాంసకృత్తులను విడగొడుతుంది. గంటల తరబడి వదిలేస్తే ముక్క మెత్తబడటం దాటి పిండిలా అవుతుంది. మొక్కజొన్న పిండి ముక్క చుట్టూ పలచని పొరలా నిలిచి రసాన్ని పోనివ్వదు.

ముదురు మేక మాంసమే దొరికితే మొండికేయకూడదు. కండను కోయకుండానే అల్లం, ఉప్పు వేసి కుక్కర్లో మూడు, నాలుగు కూతలు రానిచ్చి, పూర్తిగా చల్లారాక అడ్డంగా కోయాలి. ఆ ముక్కలకు బొప్పాయి అక్కర్లేదు. మిగతావి పట్టించి మూకుడులో రంగు తేలేదాకా వేయిస్తే చాలు. అమెరికాలో స్టేక్ లోపల ఎర్రగా ఉండగానే దించేస్తారు. ఎండలో వేలాడి వచ్చిన మేక మాంసంతో ఆ సాహసం వద్దు. ముక్క పూర్తిగా ఉడకాల్సిందే.

అన్నం ఆరాలి, నిలవ ఉండకూడదు

ఫ్రైడ్ రైస్‌కు నిన్నటి అన్నమే కావాలన్న నమ్మకం పాతుకుపోయింది. అందులో సగమే నిజం. ఫ్రిజ్‌లో చల్లబడిన అన్నంలో పిండి పదార్థం తిరిగి గట్టిపడుతుంది, పైతడి ఆరుతుంది. అందుకే మెతుకు మెతుకు విడిపోతుంది. కావలసింది ఆ పొడితనం. రాత్రంతా గిన్నెలో మూతపెట్టి పొయ్యి గట్టు మీద వదిలేస్తే వచ్చేది వేరొకటి.

బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు బియ్యంలో సాధారణం. అన్నం ఉడికినా అవి చావవు. గది వేడిలో వదిలేసిన అన్నంలో మొలకెత్తి, పెరిగి, విషపదార్థాన్ని విడుదల చేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేయించినా నశించదు. బ్రిటన్‌లో 1971 నుంచి వరుసగా బయటపడిన కేసులు చైనీస్ హోటళ్ల ఫ్రైడ్ రైస్‌వే. ఉడికించిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచి, గిరాకీ వచ్చినప్పుడు వేయించడమే కారణం. అందుకే ఈ జబ్బుకు ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్ అన్న పేరు స్థిరపడింది. సూరత్ ఎండల్లో, వానాకాలపు ఉక్కలో ఆ బీజాలకు అంతకన్నా అనుకూలమైన వాతావరణం అక్కర్లేదు.

నీళ్లు పోసి పులియబెట్టే చద్దన్నంలో పులుపు పెరిగి చాలా సూక్ష్మజీవులను అదుపు చేస్తుంది. పొడిగా మిగిలిన అన్నానికి ఆ రక్ష లేదు. కాబట్టి లెక్క సూటిగా ఉండాలి. వండిన అన్నాన్ని పలచగా పరిచి ఆవిరి పోగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. మండు వేసవిలో ఆ గడువు గంటే. మర్నాడే వాడేయాలి. ఒకసారి వేయించింది మిగిలితే మళ్లీ వేయించడానికి దాచకూడదు.

ఉధ్నాలో ఫ్రిజ్ లేని అద్దె గదులు బోలెడు. పన్నెండు గంటల షిఫ్టు నుంచి వచ్చి వండుకునేవాళ్లే అక్కడ ఎక్కువ. వాళ్లు ఈ వంటకాన్ని వదులుకోనక్కర్లేదు. అన్నం అప్పుడే వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాను కింద ఇరవై నిమిషాలు ఆరబెడితే నిన్నటి అన్నానికి దాదాపు సరితూగుతుంది. ప్రమాదం ఉండదు.

బియ్యం కోసం బాస్మతి కొననక్కర్లేదు. కిరాణా కొట్లో దొరికే సూర్తీ కోలం చక్కగా పనికొస్తుంది. సన్నని మెతుకు, అంటుకునే గుణం తక్కువ. సొంతూరు వెళ్లొచ్చినప్పుడు తెచ్చుకున్న సాంబ మసూరి ఉంటే అదీ మంచిదే. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన ఈ బీపీటీ 5204 రకం తెలుగువాళ్ల నాలుకకు కొలమానం. ఏదైనా కొత్త బియ్యం కాకూడదు. రెండు గ్లాసుల బియ్యం, అంటే సుమారు 300 గ్రాములు, బాగా కడిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, మెతుకు కాస్త పలుకుగా ఉండగానే గంజి వార్చాలి. కుక్కర్లు రాకముందు ప్రతి తెలుగింటా జరిగిన పనే. గంజితోపాటు జిగురూ పోతుంది.

మంట తక్కువ, ఓపిక ఎక్కువ

లారీ మీద పొయ్యి భగభగ మండుతుంది. ఇంటి గ్యాసు బర్నరుకు అంత సత్తువ ఉండదు. ఇంట్లో చేసే తప్పు ఏమిటంటే, నలుగురికీ సరిపడా ఒకేసారి కుమ్మరించడం. చల్లటి అన్నం పడగానే మూకుడు చల్లారిపోతుంది. వేగాల్సింది ఆవిరిలో ఉడుకుతుంది. మంటను పెంచలేనప్పుడు సరకును తగ్గించాలి. అదొక్కటే ఉపాయం.

బరువైన ఇనుప మూకుడును పొగ లేచేదాకా కాల్చి, రెండు చెంచాల వేరుశనగ నూనె పోయాలి. మాంసంలో సగం మాత్రమే వేసి, ముక్క ముక్క తగలకుండా పరిచి, నిమిషం పాటు గరిటె పెట్టకూడదు. కదపకపోతేనే అడుగు ఎర్రబడుతుంది, రుచి అక్కడే పుడుతుంది. తిరగేసి ఇంకో నిమిషం వేయించి, ఒక ముక్క తుంచి లోపల పచ్చి లేదని చూసుకుని తీసేయాలి. రెండో వాయీ అంతే.

అదే మూకుడులో మూడు గుడ్లు కొట్టి, గిలక్కొట్టినట్టు వేయించి పక్కన పెట్టాలి. మరికాస్త నూనెలో ఆరేడు వెల్లుల్లి రేకలు, అంగుళం అల్లం, రెండు పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసి, వాసన రాగానే గుప్పెడు క్యారట్, బీన్స్, క్యాబేజీ తరుగు వేయాలి. రెండు నిమిషాలకు మించి ఉంచితే కూరగాయ కరకరలాడదు. అన్నం ఇద్దరిద్దరికి విడివిడిగా వేయాలి. కూరగాయలను, గుడ్లను, మాంసాన్ని కూడా ముందే రెండు భాగాలు చేసుకోవాలి. గడ్డలుంటే వేళ్లతో ముందే విడదీయాలి, మూకుడులో గరిటెతో పొడిస్తే మెతుకు విరుగుతుంది. అన్నం చిటపటలాడాక సోయా సాస్‌ను దాని మీద కాకుండా మూకుడు అంచున పోయాలి. కాలిన ఇనుము తగిలి సాస్ పొగలేస్తుంది. లారీ దగ్గర ముక్కుకు తగిలే వాసన చాలావరకు అదే. చివర్లో మాంసం, గుడ్లు, ఉల్లికాడలు కలిపి, దించాక కాస్త వెనిగర్ చల్లాలి. చిల్లీ సాస్ బదులు చెంచాడు ఎల్లిపాయ కారం కలిపితే చైనాకు సిరిసిల్ల తోడవుతుంది.

ఉప్పు విషయంలో చెయ్యి ఆగాలి. పెద్ద చెంచా సోయా సాస్‌లోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. మనిషికి రోజుకు 2,000 మిల్లీగ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నలుగురి వంటకు, మాంసానికి పట్టించినదానితో కలిపి మూడు పెద్ద చెంచాలు మించకూడదు. వేరే ఉప్పు రుచి చూశాకే. అజినొమోటో మీద భయం 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికకు వచ్చిన ఉత్తరంతో మొదలైంది. తర్వాతి పరీక్షలు మామూలు మోతాదులో అది హాని చేస్తుందని రుజువు చేయలేదు. మాంసం ఎర్రగా వేగిన ఇంట్లో మాత్రం దాని అవసరమూ పెద్దగా ఉండదు.

మాంసం తినని పొరుగింటివారు భోజనానికొస్తే ఇదే పద్ధతిలో పనీర్ గానీ, పుట్టగొడుగులు గానీ వేయించొచ్చు. వాళ్లకు వండే మూకుడు మాత్రం వేరుగా ఉండాలి, గుడ్లూ వేయకూడదు. కలిసి బతికే వీధిలో అది మర్యాద. కోడి తొడ మాంసమైతే బొప్పాయి లేకున్నా మెత్తగా వస్తుంది, ఖర్చూ తక్కువ.

మొత్తం లెక్క వేస్తే నలుగురి ఫ్రైడ్ రైస్‌లో పడేది 300 గ్రాముల మాంసం. కూర వండితే ఇద్దరికి బొటాబొటిగా వచ్చే ఆ తునక, పలచగా కోసి అన్నంలో కలిపితే నాలుగు పళ్లాలకూ అందుతుంది. చైనాలోనైనా, తెలంగాణలోనైనా మాంసం అరుదుగా దొరికిన ఇళ్లు కనిపెట్టిన లెక్క ఇది. అమెరికా హోటళ్లు దాన్ని తిరగేసి మాంసాన్ని పెంచి స్టేక్ ఫ్రైడ్ రైస్ అన్నాయి. ఉధ్నా వంటిల్లు పాత లెక్కకే కట్టుబడితే నష్టమేమీ లేదు. నష్టం జరిగేదల్లా కత్తి పోగుల వెంబడి నడిచినప్పుడు, అన్నం రాత్రంతా గట్టు మీద ఉండిపోయినప్పుడు.